ఎనిమిది పున్నములు చంద్రుడి కోసం ఎదురుచూస్తే వడియాల పంచె ఫోటో దొరికింది: ఇందులో నా పని ఎంత, అదృష్టం ఎంత?

మేడమీద_కెమెరా

గత ఆగస్టు నుంచి ఈ ఫాల్గుణ పున్నమి దాకా ఎనిమిది పున్నములు ఒకే ఒక్క ఫోటో కోసం తిరిగాను. విశాఖ బీచ్ రోడ్డులో ప్రదర్శనకు నిలిపిన కురుసుర సబ్‌మెరైన్ వెనక నుంచి నిండు చంద్రుడు పైకి వస్తుండగా తీయాలన్నది నా కోరిక. చంద్రుడు ఉదయించే చోటు నెలనెలా జరుగుతుంది కాబట్టి నేనూ నెలనెలా చోటు మార్చాను. మూడు మేడలు ఎక్కాను, రెండు వీధి మలుపుల్లో ట్రైపాడ్ నిలబెట్టాను. మొదటి మూడు నెలలు వానమబ్బులే మిగిలాయి. ఆ తరువాతి నెలల్లో ఆకాశం తేటగా ఉన్నా, చంద్రుడు నేను గుర్తు పెట్టుకున్న చోట ఒక్కసారీ కనబడలేదు.

ఎనిమిదోసారి ఒక స్నేహితుడి ఐదంతస్తుల మేడ మీద ఉన్నాను. సబ్‌మెరైన్ అక్కడికి సుమారు 500 మీటర్ల దూరం. చంద్రోదయ సమయం దాటిపోయింది కానీ సముద్రం మీద బూడిదరంగు తెర తప్ప ఏమీ లేదు. పావుగంట తరువాత చంద్రుడు కనబడ్డాడు, అప్పటికే బాగా పైన, సబ్‌మెరైన్ వీపు మీద పైకి లేచి ఉండే గోపురానికి కుడిపక్కన. ఇక లాభం లేదని కెమెరా విప్పుతుంటే, ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి భార్య ఎండబెట్టిన వడియాలు ఎత్తడానికి వచ్చారు. అంటుకుపోయిన వాటిని గోటితో లేపి చేటలోకి తీసి, పాత పంచెను పిట్టగోడ దగ్గర దులిపారు. సముద్రపు గాలికి ఆ పంచె తెరచాపలా ఉబ్బింది. నలుసులు కళ్లల్లో పడకుండా ఆవిడ మొహం పక్కకు తిప్పుకున్నారు. చంద్రుడు సరిగ్గా ఆవిడ పిడికిలి పైన ఉన్నాడు. చేత్తోనే పట్టుకుని మూడుసార్లు నొక్కాను. రెండోది బాగా వచ్చింది.

ఉగాదికి మా అపార్ట్‌మెంట్‌లో పెట్టిన చిన్న ప్రదర్శనలో అందరూ ఆ ఫోటో ముందే ఆగారు. మా బావగారు చూసి, "నీ అదృష్టం బాగుందిరా" అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారని తెలుసు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎనిమిది నెలల శ్రమకు ఆ ఫోటోలో వాటా ఏమీ లేదా? ఉంటే అది ఎక్కడుంది?

భీమిలి_గాలి

అది అదృష్టమే. ఒప్పుకోవడానికి బాధపడవలసిన అవసరం లేదు. చంద్రుడి కోసం మేడ ఎక్కినవారికి వడియాలు కూడా దొరికాయంటే ఆ రోజు రెండు విధాలా మంచిదే.

పాత_రీలు

భీమిలి గారి మాటతో నేను ఏకీభవించను. 36 ఫోటోల రీలుతో నెల గడిపిన కాలం నుంచి ఫోటోలు తీస్తున్నవాడిగా చెబుతున్నాను. చంద్రోదయం ఫోటోల్లో ప్రపంచంలో అందరికంటే ముందు గుర్తొచ్చేది అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ హెర్నాండెజ్ అనే ఊరి దగ్గర తీసినది. ఆ రోజంతా ఆయనకు అనుకున్నదేదీ కుదరలేదు. కారులో తిరిగి వస్తుండగా దారి పక్కన చర్చి, దాని వెనక శ్మశానంలో శిలువలు, వాటి మీద అస్తమించబోతున్న సూర్యుడి వెలుతురు, పైన చంద్రుడు కనబడ్డాయి. కారు ఆపి పెద్ద కెమెరా నిలబెట్టారు కానీ వెలుతురు కొలిచే మీటరు చేతికి అందలేదు. చంద్రుడి ఉపరితలం ఎంత కాంతిగా ఉంటుందో ఆయనకు సంఖ్యతో సహా కంఠతా వచ్చు. ఆ సంఖ్య నుంచి మనసులోనే లెక్క కట్టి ఒక్క నెగటివ్ తీశారు. రెండోది తీద్దామనుకునేలోపు శిలువల మీద ఎండ పోయింది.

చర్చి మీద ఎండ ఉండగానే ఆ దారిన రావడం అదృష్టమే. మీటరు లేకపోయినా ఆ ఎండ ఉన్న కొద్ది క్షణాల్లో పని ముగించగలగడం మాత్రం అదృష్టం కాదు. మేడమీద గారి విషయం కూడా ఇదే. ట్రైపాడ్ విప్పుతున్న మనిషి మూడుసార్లు నొక్కి అందులో ఒకటి నిలకడగా తీయగలిగాడంటే, ఆ చేతికి ఎనిమిది నెలల అలవాటు ఉంది.

కోణమానిని

శ్రమలో వాటా సంగతి తరువాత మాట్లాడుకుందాం. మేడమీద గారూ, మీ లెక్కలోనే రెండు పొరపాట్లు ఉన్నాయి. నొప్పించాలని కాదు, మరో ఎనిమిది నెలలు పోగొట్టుకోకూడదని చెబుతున్నాను.

చంద్రబింబం మన కంటికి అర డిగ్రీ వెడల్పు మాత్రమే ఉంటుంది. ఏ వస్తువైనా దాని వెడల్పుకు సుమారు 110 రెట్ల దూరంలో నిలబడితే చంద్రుడంత కనబడుతుంది. 500 మీటర్ల దూరం అంటే నాలుగున్నర మీటర్ల వస్తువు బింబమంత అవుతుంది. దూరం బాగానే ఎంచుకున్నారు. చిక్కు ఎత్తుతో వచ్చింది. ఎత్తైన మేడ మీది నుంచి చూసినప్పుడు సముద్రపు అంచు దాదాపు మన కంటి మట్టంలోనే ఉంటుంది. ఐదంతస్తుల మేడ కంటే సబ్‌మెరైన్ గోపురం తక్కువ ఎత్తు కాబట్టి, అది ఆ అంచుకు పైకి రానే రాదు. చంద్రుడు దాని వెనక నుంచి కాక, ఎప్పుడూ దాని నెత్తికి పైనే పుడతాడు.

రెండోది మన తీరపు మసక. చాలా రోజులు సముద్రం మీద రెండు మూడు డిగ్రీల ఎత్తు వరకు చంద్రుడు కనబడడు. మూడు డిగ్రీలు ఎక్కడానికి 12, 13 నిమిషాలు పడుతుంది. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి చంద్రుడు నిటారుగా కాక కొంచెం దక్షిణానికి వాలుతూ ఎక్కుతాడు. మూడు డిగ్రీలు ఎక్కేసరికి దాదాపు ఒక డిగ్రీ కుడికి జరుగుతాడు, అంటే రెండు బింబాల వెడల్పు. మీ దూరంలో ఆ ఒక్క డిగ్రీ దాదాపు 9 మీటర్లు. మీకు కుడిపక్కన కనబడింది అందుకే.

సముద్రాన్ని నమ్ముకోకుండా కొండను నమ్ముకోండి. కైలాసగిరికి పడమటి వైపు కాలనీల నుంచి చూస్తే మసకంతా కొండ వెనకే ఉండిపోతుంది, చంద్రుడు తేటగా బయటికి వస్తాడు. ఒకటిన్నర కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే 13, 14 మీటర్ల చెట్టు బింబమంత కనబడుతుంది. చలికాలపు పున్నములు ఇందుకు అనుకూలం. వేసవిలో సూర్యుడు ఎక్కడ ఉదయిస్తాడో చలికాలంలో నిండు చంద్రుడు ఆ ప్రాంతంలో, అంటే ఈశాన్యం వైపు ఉదయిస్తాడు. ఇంకొక మాట: పున్నమి నాటి కంటే ముందు రోజు వెళ్లడం మేలు. చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, ముందు రోజు చంద్రుడు సూర్యాస్తమయానికి ముందే వస్తాడు. కొండ మీద చెట్లకు ఇంకా వెలుతురు ఉంటుంది, చంద్రుడు తెల్లని మచ్చలా కాలిపోకుండా మరకలతో సహా వస్తాడు.

మేడమీద_కెమెరా

ఇది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఫోన్ యాప్‌లో చంద్రుడి దారిని చూపే గీతను సముద్రపు అంచు దగ్గరే చూసి, అక్కడే గుర్తు పెట్టుకున్నాను. మసక గురించి, వాలు గురించి ఆలోచించలేదు. వీధి మలుపుల్లో భవనాలు అడ్డొస్తున్నాయని మేడలు ఎక్కాను. ఎక్కినకొద్దీ నా ఫోటో అసాధ్యమవుతోందని నాకు తోచలేదు.

భీమిలి_గాలి

అయితే ఒక్క మాట అడుగుతాను. లెక్క సరిగా వచ్చి ఉంటే మేడమీద గారు ఆ మేడ ఎక్కేవారే కాదు. కైలాసగిరి దగ్గర నిలబడి చెట్టు వెనక చంద్రుణ్ణి తీసేవారు, అది చక్కని ఫోటోనే అయ్యేది. వడియాల పంచె ఫోటో మాత్రం పుట్టేది కాదు. తప్పు ప్రణాళికే ఆ ఫోటోను ఇచ్చిందని కోణమానిని గారు ఒప్పుకుంటారా?

కోణమానిని

ఒప్పుకుంటాను. అయితే తప్పు లెక్కతో తిరిగినవారు ఊళ్లో ఎంతమంది ఉంటారు, వారిలో ఎందరికి పంచె ఫోటో దొరికింది అని కూడా అడగాలి. దొరికినవారి కథే మనదాకా వస్తుంది. దొరకనివారు ట్రైపాడ్ భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోతారు.

సీతమ్మధార_టీచర్

ఒకే చక్రంతో రథం కదలనట్టు మనిషి ప్రయత్నం లేకుండా దైవం ఫలించదని పాత సుభాషితం. పిల్లలకు చెప్పేటప్పుడు నేను దీన్నే ఉదాహరణగా తీసుకునేదాన్ని. కానీ ఈ చర్చ చదివాక కాకతాళీయం అన్న మాట మీదికి నా ధ్యాస మళ్లింది. కాకి వాలింది, తాటిపండు రాలింది. ఒకదానికి ఒకటి కారణం కాదు. అంతవరకు అందరికీ తెలుసు. అయితే ఆ రెండూ కలిసిన క్షణాన చెట్టు కింద నిలబడి తల పైకెత్తి చూస్తున్నవాడు ఒకడు ఉంటేనే ఆ మాట భాషలోకి వచ్చింది. వాడు అక్కడ ఎందుకు ఉన్నాడన్నది నా ప్రశ్న. బహుశా తాటిపండు కోసమే వెళ్లి ఉంటాడు.

భీమిలి_గాలి

టీచర్ గారూ, మా తోటల దగ్గరైతే తాటిచెట్టు కింద తల పైకెత్తి నిలబడవద్దనే పెద్దలు చెబుతారు.

రేవుపక్క_ఇల్లు

మాది ఫిషింగ్ హార్బర్ పక్కన. ఇంట్లో మూడు తరాలుగా వేటే జీవనం, కెమెరా నా ఒక్కడి పిచ్చి. ఇందాకటి నుంచి మీరంతా అదృష్టం అంటున్న దాన్ని నేను వేరే విధంగా చూస్తాను.

మా రేవుకు ఆదివారాలు కెమెరాలతో వచ్చేవారు, గంపల మీద వాలే కొంగలను, ఐసు పొడి చల్లేటప్పుడు లేచే తెల్లని తుంపరను, వేలం పాటలో చేతులెత్తే ఆడవాళ్లను తీసి, ఎంత అదృష్టమో దొరికింది అని రాసుకుంటారు. ఐసు ఏ వేళకు కొడతారో, ఏ బోటు వచ్చాక ఎవరు పాట మొదలుపెడతారో మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వచ్చినవారికి అది అదృష్టం, మాకు అది వేళ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. మే నెలలో వచ్చి, బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి, మా దురదృష్టం అని వెనక్కి వెళ్లినవారిని నేను చూశాను. ఒక్కరిని అడిగితే తెలిసేది. నిజానికి ఆ రోజుల్లోనే వలలు బాగుచేస్తారు, బోట్లకు రంగులు వేస్తారు, నీలిరంగు వలల గుట్టల మధ్య మనుషులు మెడదాకా మునిగి కూర్చుంటారు. మా నాన్న బొటనవేలికి వల తగిలించుకుని, సూదిలాంటి చిన్న బద్దతో కన్ను కన్నుకీ ముడి వేస్తూ, మాట్లాడుతూనే ఉంటాడు, చేతి వైపు చూడడు. నాకు ఇప్పటిదాకా వచ్చిన మంచి ఫోటో అదే. దాన్ని ఎవరూ అదృష్టం అనలేదు, ఎందుకంటే ఆయన రోజూ అక్కడే ఉంటాడు.

మేడమీద గారూ, ఆ అమ్మ వడియాల కాలంలో ప్రతి సాయంత్రం పొద్దు వాలాక, మంచు పడకముందు వాటిని ఎత్తడానికి వస్తుంది. మీరు చంద్రుడి వేళ చూసుకున్నారు, ఆమె వేళ చూసుకోలేదు. రెండు వేళలూ కలిసే చోట మీరు నిలబడ్డారు. అందులో సగాన్ని అదృష్టం అని మీరు పిలుస్తున్నది, ఇంకొకరి దినచర్య మీకు తెలియకపోవడం వల్లే.

పాత_రీలు

ఇన్నేళ్లలో ఈ మాట నాకు ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

వాల్తేరు_మెరుపు

రేవుపక్క గారి మాటలో సత్యం ఉంది కానీ అన్నింటికీ అది వర్తించదు. నేను పిడుగుల ఫోటోలు తీస్తాను. పిడుగుకు దినచర్య లేదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుముల మబ్బు లేస్తే, ఇంటి వరండా లోపలి నుంచి మాత్రమే, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8 దగ్గర ఉంచి, ఒక్కొక్కటి 20 సెకన్ల చొప్పున ఆపకుండా తీస్తూ పోతాను. గంటకు 180 దాకా వస్తాయి. వాటిలో 175 నల్లటి ఆకాశమే. పిడుగు ఏ 20 సెకన్లలో పడుతుందో నాకు తెలియదు, తెలియవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే అన్ని సెకన్లూ నా దగ్గరే ఉన్నాయి. అదృష్టం రావడానికి తలుపులు ఎక్కువ పెట్టడమే నా దృష్టిలో ప్రణాళిక. అయితే ఇది మనుషుల ఫోటోలకు పనికొస్తుందని నేను అనను.

కొత్తవలస_ప్యాసింజర్

అరకు రైలులో లోయ వైపు కిటికీ దొరికించుకోవడం ప్రణాళిక, రెండు సొరంగాల మధ్య ఆ కొద్ది సెకన్లలో మబ్బు తొలగడం అదృష్టం. సొరంగంలో ఉండగానే ఫోకస్ దూరానికి బిగించి, షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు పెట్టుకుని కూర్చుంటాను. బయటికి వచ్చాక సర్దుకుందామంటే మళ్లీ చీకటే.

మధురవాడ_కుర్రాడు

నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. నొక్కి పట్టుకుంటే వరసగా ఫోటోలు వస్తాయి, ఇంట్లో కూర్చుని మంచిది ఏరుకుంటాను. ఇది తప్పా? పెద్దలు ఒక్క నెగటివ్ కథ చెబుతుంటే నాకు సిగ్గుగా ఉంది.

పాత_రీలు

తప్పు ఏమాత్రం కాదు బాబూ, ఏరడం కూడా పనే. నేను చెప్పిన కథకు రెండో సగం ఉంది. ఆడమ్స్ ఆ నెగటివ్‌లో కింది భాగం పలుచగా ఉందని 1948లో రసాయనంతో దాన్ని చిక్కబరిచారు. ఆకాశాన్ని ఎంత నల్లగా అచ్చువేయాలన్నది ఏళ్లతరబడి మార్చుకుంటూ పోయారు. తీసిన తేదీని మాత్రం సరిగా రాసుకోలేదు. చివరికి చంద్రుడి స్థానాన్ని బట్టి ఖగోళ లెక్కలు కట్టినవారు 1941 నవంబర్ 1 సాయంత్రమని తేల్చారు. క్షణంలో దొరికినదాన్ని పూర్తిచేయడానికి ఆయనకు సంవత్సరాలు పట్టింది. నువ్వు మాత్రం తేదీ రాసుకో, అంతే.

సీతమ్మధార_టీచర్

కుర్రాడికి ఇంకొక సలహా. తీసిన రోజే ఏరవద్దు. ఆ రోజు మనకు పడిన కష్టం గుర్తుంటుంది, కష్టపడి తీసినదే మంచిదనిపిస్తుంది. నెల రోజులు ఆగి చూస్తే ఫోటోలో ఉన్నది మాత్రమే కనబడుతుంది. మేడమీద గారు కూడా ఇంటికి వెళ్లిన రాత్రే చూసి ఉంటే, చంద్రుడు గోపురం వెనక లేడన్న దిగులుతో ఆ పంచెను పక్కన పెట్టేసేవారేమో.

మేడమీద_కెమెరా

మీరు అన్నదే జరిగింది టీచర్ గారూ. మొదటి రాత్రి ఆ మూడింటినీ తీసేయబోయాను. మా అమ్మాయి చూసి, ఆవిడ ఎందుకలా మొహం తిప్పుకుందని అడిగింది. అలా అడిగిందని ఉంచాను.

హుద్‌హుద్_చూసినవాడు

నాది పూర్తిగా వేరే ఉదాహరణ. 2014 అక్టోబర్ 12న తుపాను తీరం దాటిన మర్నాడు ఉదయం, కరెంటు లేదు, ఫోనులో కొంచెమే ఛార్జింగు ఉంది. ఎవరికైనా కబురు అందించడానికి దాచుకోవాలి. అయినా మేడ ఎక్కి ఒకే ఒక్క ఫోటో తీశాను. ముందు రోజు దాకా పచ్చగా ఉన్న కొండ ఆకు లేకుండా గోధుమరంగులో ఉంది, ముందు వరసలో మా వీధివాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. ఫోటో వంకరగా వచ్చింది, మూల నా వేలు కూడా పడింది. అయినా మా వీధిలో ఆ ఫోటో లేని ఇల్లు లేదు.

అందంగా ఉండటం, గుర్తుండిపోవటం ఒకటి కాదని నేను అనుకుంటాను. ఆ ఫోటోలో ప్రణాళిక లేదు, అదృష్టం అనడానికి నోరు రాదు. ఎవరి కొంప కూలినా నాకు ఫోటో దొరికిందని ఎలా అంటాను? దానికి సరైన మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

రేవుపక్క_ఇల్లు

హుద్‌హుద్ గారి మాట నిజం. మా వాళ్ల బోట్లు ఆ రోజు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండగా నా చేతిలో కెమెరా ఉండి కూడా తీయలేదు. తీయనందుకు బాధ లేదు, తీసినవారి మీద కోపం కూడా లేదు.

కోణమానిని

నేను లెక్కల మనిషినని అందరూ అనుకుంటున్నారు కాబట్టి నా ఓటమి ఒకటి చెబుతాను. 2022 నవంబర్ 8న చంద్రగ్రహణం. మన సమయం ప్రకారం సాయంత్రం 5 గంటల 11 నిమిషాలకు సంపూర్ణ దశ ముగుస్తుంది, పాక్షిక దశ 6 గంటల 19 నిమిషాల దాకా ఉంటుంది. అంటే మన ఊళ్లో చంద్రుడు చాలామటుకు నీడలో ఉండగానే సముద్రంలో నుంచి వస్తాడు. రుషికొండ దగ్గర ఇసుకలో గంట ముందే నిలబడ్డాను. దిక్కు సరిగ్గా ఉంది, కెమెరా సిద్ధంగా ఉంది. మసకలో ఆ నీడ పట్టిన చంద్రుడు కనబడనే లేదు. ఈలోగా ఒక అల వచ్చి ట్రైపాడ్ కాళ్ల కింది ఇసుక తీసుకుపోయింది. కెమెరాను పట్టుకోవడానికి వంగి, లేచేసరికి ఎదురుగా సన్నని వెలుగు అంచు ఒకటి గాలిలో వేలాడుతోంది. చుట్టూ ఉన్నవారికి అది చంద్రుడని వెంటనే తెలియలేదు. ఒక చిన్న పిల్ల దాన్ని పడవ అనుకుని వేలు చూపించింది. ఆ వేలు, ఆ అంచు కలిపి తీశాను. ఫోటో కొద్దిగా కదిలింది. నేను లెక్కకట్టి తీసిన చంద్రుడి ఫోటోలన్నింటికంటే నాకు అదే ఎక్కువ ఇష్టం.

భీమిలి_గాలి

ఇప్పుడు కోణమానిని గారు నా వైపుకు వచ్చారు.

కోణమానిని

రాలేదు. అది గ్రహణం వేళ అని తెలియకపోతే నేను ఆ ఇసుకలో ఉండేవాణ్ణి కాదు. మీరు ఆ సాయంత్రం ఎక్కడున్నారు?

భీమిలి_గాలి

ఇంట్లో ఉన్నాను. గ్రహణం వేళ బయటికి వెళ్లవద్దని మా అమ్మమ్మ అన్నది. ఇక నేను చెప్పగలిగింది లేదు.

పాత_రీలు

1968 డిసెంబర్ 24న అపోలో 8లో చంద్రుడి చుట్టూ తిరుగుతున్నవారు కూడా చంద్రుడి నేలను ఫోటో తీసే పనిలోనే ఉన్నారు. నాలుగో ప్రదక్షిణంలో వ్యోమనౌక పక్కకు తిరిగినప్పుడు కిటికీలో భూమి పైకి వస్తూ కనబడింది. బిల్ ఆండర్స్ ముందు నలుపు తెలుపులో ఒకటి తీసి, రంగుల రీలు ఇవ్వమని పక్కవారిని తొందరపెట్టి, అది అందుకుని రెండోది తీశారు. అది వారి కార్యక్రమంలో లేని ఫోటో. కానీ ఆ రంగుల రీలు, ఆ 250 మిల్లీమీటర్ల లెన్సు నౌకలో ఉండటం కార్యక్రమం వల్లే. ఆండర్స్ వృత్తిరీత్యా ఫోటోగ్రాఫర్ కాదు, పైలట్. మన వేదికలో సభ్యుడు కావడానికి తగినవాడే.

వాల్తేరు_మెరుపు

అక్కడ కూడా రీలు మార్చేంతసేపు భూమి కిటికీలో ఆగింది. పంచె మాత్రం ఎవరికోసమూ ఆగదు.

పెదవాల్తేరు_గృహిణి

చిన్న విషయమే అయినా మన ఊరికి చాలా ముఖ్యం. ఏసీ గదిలో నుంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే మన ఉక్కలో లెన్సు మీద ఆవిరి పట్టి పావుగంట దాకా పోదు. సూర్యోదయం చూద్దామని వెళ్లి తుడుచుకుంటూ కూర్చున్న రోజులు నాకు ఉన్నాయి. ఇప్పుడు సంచిలోనే ఉంచి, అరగంట ముందు వరండాలో పెడుతున్నాను. జూన్‌లో ఐదున్నరలోపే సూర్యుడు వచ్చేస్తాడు కాబట్టి నాలుగున్నరకే లేవాలి. ఉప్పు తుంపర ఎండిపోయాక పొడి గుడ్డతో రుద్దవద్దు, గీతలు పడతాయి. ముందు తడిగుడ్డ అద్దండి.

వేదిక_నిర్వాహకుడు

చర్చలో రేవు, మేడలు, బీచ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. నౌకాదళానికి చెందిన ప్రాంతాల వైపు కెమెరా తిప్పకూడదు. ఈ ఊళ్లో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరవేయడం గురించి ఆలోచించనే వద్దు.

రేవుపక్క_ఇల్లు

మేడమీద గారూ, ఆ అమ్మకు ఫోటో ఇచ్చారా? ప్రదర్శనలో పెట్టేముందు అడిగారా?

మేడమీద_కెమెరా

పెట్టేముందు అడిగాను. ప్రతిని మాత్రం మీరు అడిగాక, నిన్న సాయంత్రమే అచ్చువేయించి తీసుకెళ్లాను. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని అందుకున్నారు. చాలాసేపు చూశాక, ఆ పంచె అంచు చిరిగి ఉందని, ముందే చెప్పి ఉంటే మంచి పంచె మీద ఆరబోసి ఉండేదాన్నని అన్నారు. చంద్రుడి గురించి ఒక్క మాట కూడా అనలేదు. తరువాత మీరు చెప్పినట్టే వేళలు అడిగాను. పిండి కలిపేది తెల్లవారుజామున, ఎండ రాకముందే పెట్టేస్తారు. మొదటి రోజు ఎత్తరు, రెండో రోజు తిరగేస్తారు, మూడో రోజు సాయంత్రం పంచె దులుపుతారు. అంటే నేను వెళ్లింది మూడో రోజు. ముందు రోజు వెళ్లి ఉంటే ఆవిడ చేత్తో తిరగేసి వెళ్లిపోయేవారు, పంచె ఎగిరేది కాదు.

ఇప్పుడు మా బావగారి మాట గుచ్చుకోవడం లేదు. ఆ ఫోటోలో వాటా అడగవలసినవారు నాకంటే ముందు ఇంకొకరు ఉన్నారు.

కోణమానిని

ఆ మూడు రోజుల వరసను, పున్నమికి ముందు రోజును కలిపి లెక్క కట్టవచ్చు. ఆవిడ పిండి ఎప్పుడు కలుపుతారో రెండు రోజుల ముందు చెబితే చాలు.

భీమిలి_గాలి

వద్దండీ. ఆ పంచెను ఈసారి గాలికి వదిలేయండి.

మధురవాడ_కుర్రాడు

నేను భీమిలి గారి వైపు. రేవుపక్క గారూ, నిషేధం ముగిసే రోజు రేవుకు రావచ్చా? మీరు చెప్పిన వేళలు నేను నేర్చుకోవాలి.

రేవుపక్క_ఇల్లు

తప్పకుండా రా తమ్ముడూ. జూన్ 14 అర్ధరాత్రి దాటాక బోట్లు కదులుతాయి, కానీ నువ్వు ఆ సాయంత్రమే రావాలి. గేటు దగ్గర అడిగి లోపలికి రా, నేను ఉంటాను. ఐసు ఎక్కించడం, డీజిల్ పోయడం, బోటు ముందు కొబ్బరికాయ కొట్టడం అన్నీ పగటి వెలుతురు ఉండగానే మొదలవుతాయి. జెట్టీ అంచున నిలబడవద్దు. తాడు విప్పిన కుర్రాడు బోటులోకి దూకేది అక్కడి నుంచే, వాడు ఎవరి కోసమూ ఆగడు. ఐసు పొడి కొట్టే మిషను పక్కన రెండు మెట్లు ఉన్నాయి, పై మెట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. కింది మెట్టు మీద నిలబడు. మా నాన్న ఆ రోజు మాట్లాడడు, అడిగినా పలకడు, ఏమీ అనుకోవద్దు.